మేనకోడలి కారుకి టైరు సైజు

మా టైర్ల షాపులో నా మాట నమ్మేవాళ్ళు తక్కువ. ఎడమవైపు టైర్లలో కొట్టే గాలి అయిపోయింది, రేపు రండి అని ఒకాయనకి చెప్తే పాపం రేపు వచ్చాడు. మా బావమరిది షాపులో చేరిన మొదటిరోజు, చలికాలం గాలి పట్టుకురమ్మని ఖాళీ డబ్బా ఇచ్చి పంపించాను. వీధిలో అందరికీ ముందే చెప్పి ఉంచాను కాబట్టి ప్రతివాడూ 'మా దగ్గర నిండుకుంది, పక్క షాపులో అడుగు' అన్నాడు. సాయంత్రానికి డబ్బాతో తిరిగొచ్చి అందరికంటే గట్టిగా వాడే నవ్వాడు. అందుకే వాడంటే నాకంత ఇష్టం. పదకొండేళ్ళుగా షాపు ఇద్దరం కలిసే నడుపుతున్నాం.

టైరు సైజు దగ్గర మాత్రం నేను వేళాకోళం ఆడను. అది మా అక్క కూతురికి బాగా తెలుసు.

దానికి కొత్త ఉద్యోగం వచ్చింది. ఊరి బయట మందుల కంపెనీలో లాబొరేటరీ పని. తనతోపాటు ఇంకో ముగ్గురిని రోజూ కారులో తీసుకెళ్తానని మాటిచ్చింది. ఆ కారేమో దాని ప్రాణం. చిన్న స్ప్రింగులు వేయించి రెండంగుళాలు కిందికి దించింది. ఎవరో వాడి అమ్మేసిన పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు కొని తోమి తోమి అద్దంలా చేసింది. ఇక టైర్లు కావాలి.

"మామయ్యా, చూడ్డానికి బాగుండాలి, నలుగురం కూర్చున్నా ఎక్కడా తగలకూడదు. నువ్వు ఏది చెప్తే అదే వేయిస్తా. వెక్కిరించకుండా చెప్పు," అంది.

ఖాళీ కారుని చూసి సైజు చెప్పడం నా అలవాటు కాదు. టైలర్ని, జిరాక్స్ షాపాయన్ని, పరుపుల కొట్టాయన్ని పిలిచి కారులో కూర్చోబెట్టాను. పరుపులాయన ఒక్కడే ఇద్దరి పెట్టు. ఆయన ఎక్కగానే కారు ఉస్సురని కిందికి దిగింది. మేనకోడలిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఇటు కడదాకా, అటు కడదాకా తిప్పించాను. పాత టైరుకీ పైనున్న మడ్‌గార్డుకీ మధ్య నా వేలు ఒక్కటే దూరింది.

అప్పుడు దానికి నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాను. చక్రం పెద్దదైతే టైరు పక్కగోడ పొట్టిదవ్వాలి. రెండూ కలిపిన ఎత్తు పాతదానికి దగ్గరగా ఉండాలి. టైరు మీద మొదటి అంకె వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికి ఎంతో చెప్తుంది. పాతది నూట ఎనభై అయిదు, అరవై అయిదు, పదిహేనంగుళాల చక్రానికి. కొత్త చక్రానికి రెండు వందల అయిదు, నలభై అయిదు వేస్తే మొత్తం ఎత్తు అయిదు మిల్లీమీటర్లు తగ్గుతుందంతే. వేలు సందు వేలు సందుగానే ఉంటుంది, స్పీడు ముల్లు అబద్ధం చెప్పదు. రెండు వందల పదిహేను, యాభై వేశామా, పాతికమిల్లీమీటర్లు పెరుగుతుంది. అందులో సగం పైకి పోతుంది, వేలు సందు మాయమవుతుంది. గుంటలో పడితే మడ్‌గార్డు లోపలున్న ప్లాస్టిక్కుని టైరు కొరుక్కుతింటుంది.

అది బుద్ధిగా ఫోనులో రాసుకుంది. మా దగ్గర ఆ సైజు లేదు, తెప్పిస్తే శుక్రవారానికి వస్తాయి అన్నాను. సరే అంది.

బుధవారం షాపులో గాలికొట్టే మోటారు ఎత్తబోతుంటే నా నడుం పట్టేసింది. మంచం దిగే పరిస్థితి లేదు. మాత్రలు వేసుకుని పడుకున్నాను. షాపు బావమరిది చూసుకుంటున్నాడు కదా, నాకేం దిగులు అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం మేనకోడలు ఇంటికొచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు. అరచేతంత రబ్బరు ముక్క తెచ్చి నా దుప్పటి మీద పెట్టింది. దాని అంచు ఎవరో నమిలినట్టుగా ఉంది.

నేను నవ్వాను. నన్ను ఆటపట్టించడానికి వచ్చిందనుకున్నాను. ఈ పిల్ల కూడా నా దారిలోకి వచ్చిందే అని మురిసిపోయి, "ఏంటే, కంపెనీలో టిఫినుకి ఇదే పెడుతున్నారా?" అన్నాను.

అది నవ్వలేదు. నిలబడే చెప్పింది. పొద్దున మొదటిరోజు. నలుగురూ ఎక్కారు. వంతెన దిగే మలుపులో చక్రం గరగరమని, ఆపే లోపల టైరు పక్కకి చీలిపోయింది. కారు డివైడరుకి ఆనుకుని ఆగింది. వెనక సీట్లో అమ్మాయికి నుదురు చిట్లింది, రెండు కుట్లు పడ్డాయి. మిగతావాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. రేపటినుంచి తాము బస్సులో వస్తామన్నారు.

"నువ్వు నవ్వుకోడానికి ఇంత అవసరమా మామయ్యా?"

మెల్లగా లాగితే మిగతా సంగతి బయటికొచ్చింది. గురువారం మా బావమరిది దానికి ఫోన్ చేసి రమ్మన్నాడు. రెండు వందల పదిహేను, యాభై టైర్లు నాలుగూ ఎక్కించేశాడు. అదేంటి బాబాయ్, మామయ్య వేరే చెప్పాడుగా అని అడిగితే, వాడు నవ్వి, 'నిన్ను ఏడిపించడానికే మీ మామయ్య చిన్న సైజు చెప్పాడమ్మా, అసలు సైజు ఇదేనని నాకు చెప్పి పడుకున్నాడు, ఇప్పుడు ఫోన్ చేశావంటే ఇంకో గంట ఏడిపిస్తాడు' అన్నాడట. అది కూడా నవ్వుకుని నమ్మేసింది. నా సంగతి ఎవరికి తెలీదు?

అది వెళ్ళిపోయాక గోడ పట్టుకుని లేచాను. నడుం నొప్పి నొప్పిలా లేదు. షాపుకి వెళ్ళేసరికి వాడు పంక్చరు వేస్తున్నాడు. నన్ను చూడగానే చేతిలో పని కింద పెట్టాడు.

ఆ నాలుగు టైర్లూ ఏడాది కిందట వాడే పొరపాటున తెప్పించినవి. ఏ బండికీ పట్టక అటక మీద పడున్నాయి. నేను ఊరుకున్నానా? 'మా బావమరిది స్మారక టైర్లు' అని అట్టముక్క మీద రాయించి వాటికి వేలాడదీశాను. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. అటక వైపు చూస్తే టైర్లు లేవు, అట్టముక్క కూడా లేదు.

"అవి అక్కడున్నంత కాలం నువ్వా బోర్డు తియ్యవు బావా," అన్నాడు వాడు.

"దానికోసం పిల్లకి అంటగడతావా?"

"కాస్త రుద్దుకుంటుంది, చప్పుడు విని నీ దగ్గరికొస్తుంది, నువ్వు తిట్టుకుంటూ మారుస్తావు, అందరం నవ్వుకుంటాం అనుకున్నా. చీలిపోద్దనుకోలేదు."

"నా పేరెందుకు వాడావురా?"

వాడు తలొంచుకుని చేతులకంటిన మసి తుడుచుకున్నాడు. "ఇంకేం చెప్పినా నమ్మేది కాదు. నువ్వు ఏడిపించావంటే మాత్రం ఎవరైనా నమ్ముతారు."

"ఆ డబ్బా రోజునుంచీ నవ్వుతూనే ఉన్నావు కదరా నాతో."

"నవ్వాను," అన్నాడు. "నవ్వక ఏం చెయ్యను బావా?"

పదకొండేళ్ళు. ఒకే టిఫిను డబ్బాలో తిన్నాం. వాడి పిల్లలకి పేర్లు నేను పెట్టాను. వాడి నవ్వు చూసి ఎన్నిసార్లు ఇంకో తమాషా మొదలుపెట్టానో లెక్కే లేదు. ఒక్కసారి 'చాల్లే బావా' అని ఉంటే ఆపేవాణ్ణి. ఆపేవాణ్ణనే అనుకుంటున్నాను.

వాడిని వెంటబెట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. ముందుగదిలో మేనకోడలు, పక్కన మా అక్క. వాడు గుమ్మంలోనే నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాడు. తప్పు నాదేనమ్మా, మీ మామయ్యకి ఏమీ తెలీదు అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మేనకోడలు వాణ్ణి చూసి, తర్వాత నన్ను చూసింది. "పోయినేడు నా కారు ఎవరో ఎత్తుకుపోయారని చెప్పడానికి ఇద్దరూ ఇలాగే వచ్చారు. బాబాయ్ అప్పుడూ ఏడ్చాడు. కారు వెనక సందులో దొరికింది."

నిజమే. ఆరోజు మేమిద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

"ఇది అలాంటిది కాదే. ఒట్టు."

"అప్పుడూ ఒట్టేశావు మామయ్యా."

మా అక్క ఏదో అనబోయి, నా మొహంలోకి చూసి, తనకీ నమ్మకం కుదరనట్టు లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. శుక్రవారం వచ్చిన టైర్లు షాపులో ఉన్నాయి, నా చేత్తో నేనే ఎక్కించి ఇస్తానని మేనకోడలితో చెప్పాను. వద్దంది. కోపంగా కూడా అనలేదు, మంచినీళ్ళు వద్దన్నట్టు అంది.

బావమరిది ఆ వారమే వేరే షాపులో చేరాడు. నేను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. షాపుకి వచ్చినవాళ్ళు ఇవాళేంటి చప్పుడు లేదు అంటున్నారు. నడుం నొప్పి అంటే ఎవరూ నమ్మడం లేదు.

నెల తర్వాత ఒక పొద్దున దాని కారు మా వీధిలోంచి వెళ్ళింది. లోపల నలుగురున్నారు. మా షాపు ముందున్న గుంటలో దిగి లేచింది, ఎక్కడా తగల్లేదు. రెండు వందల అయిదు, నలభై అయిదు. దూరంనుంచే పోల్చుకున్నాను. అది నా వైపు చూడలేదు. ఎవరో మంచి పనివాడే ఆ సైజు చెప్పి ఉంటాడు, ఆ మాట అది నమ్మి ఉంటుంది.