నాలుగు గుడ్ల నేల

ఎండకు గులకరాళ్లు కాలుతున్నాయి. మోచేతులు చురుక్కుమంటున్నాయి. ముక్కు నిండా వేడి మట్టి వాసన...

మట్టిరంగు గుడ్డతో వేసుకున్న చిన్న గుడారంలో బోర్లా పడుకున్నాను. కెమెరా కన్ను ఒక్కటే బయట ఉంది.

ఎదురుగా, రాళ్ల మధ్య, నాలుగు గుడ్లు. తీతువు గుడ్లు. రాళ్లలో కలిసిపోయి ఉంటాయి. చూడడం తెలియకపోతే తొక్కేస్తాం.

చూడడం తెలియనివాళ్లే వచ్చి చూసి వెళ్లారు.

ఈ ఎండిన చెరువును పూడ్చి గోదాములు కడతారట. అధికారులు వచ్చారు, తలెత్తి చూశారు. "చెట్టే లేదు, ఇంక గూడెక్కడిది?" అని సంతకం పెట్టేశారు. తీతువు గూడు కట్టదు, నేల మీదే గుడ్లు పెడుతుంది. ఆ మాటే, ఏళ్ల తరబడి నేను పిట్టల గురించి రాస్తున్న పత్రికకు రాసి ఇచ్చాను. సంపాదకుడు చదివి కళ్లజోడు తీశాడు. "రాతలదేముందండీ! తల్లి గుడ్ల దగ్గరున్న ఫొటో తెండి. మొదటి పేజీలో వేస్తాను."

తెస్తాను. ఎందుకు తేను?

పొద్దున వదినను వెంటబెట్టుకుని వచ్చాను. ఇద్దరం గుడారంలో దూరాం. కాసేపటికి వదిన ఒక్కతే బయటికి వెళ్లింది. ఇది మా పాత ఎత్తు. పిట్టలకు లెక్క రాదు... ఒకరు వెళ్లిపోతే అందరూ వెళ్లిపోయారనుకుంటాయి.

వదిన ఊరికే వెళ్తుందా? గొడుగు ఊపుతూ, పిట్టకు వినబడేలా అరిచింది. "పదమ్మా, పోదాం! ఈ ఎండలో మాడిపోడానికి మనకేం పిచ్చా? అక్కడ మీ అన్నయ్య అన్నం కోసం చూస్తుంటారు!"

మా అన్నయ్య ఆకలితో పిట్టకేం పని? నవ్వాపుకోలేక చచ్చాను.

పిట్ట మాత్రం నమ్మింది. నడిచి వచ్చింది. ఆగింది. మళ్లీ నడిచింది. పొట్ట ఈకలు విదిలించి, గుడ్ల మీద — కూర్చోబోయింది.

నేల అదిరింది.

బుల్డోజరు. రేపు వస్తుందన్నారు. ఇవాళే వచ్చేసింది.

ఎగిరిపోతుందనుకున్నాను. ఎగరలేదు. యంత్రానికి ఎదురెళ్లింది. రెక్కలు రెండూ బార్లా చాచి, గొంతు చించుకుని అరిచింది. నా మోకాలి ఎత్తు కూడా లేదు, ఆ పిట్ట.

నొక్కాను. పిట్ట, గుడ్లు, బుల్డోజరు ముందరి ఇనుప పలక — మూడూ ఒక్క ఫొటోలో పడ్డాయి.

చాలు. ఇంటికి వెళ్లిపోవచ్చు. రేపు మొదటి పేజీలో వస్తుంది.

రేపటికి గుడ్లు ఉండవు.

పిట్టకు కనబడకూడదు. ఇన్నేళ్ల నా పనిలో అదొక్కటే నియమం. కాళ్లకు చీమలు పట్టినా కదల్లేదు. తుమ్మొస్తే మింగేశాను. ఇవాళ ఆ నియమానికి నీళ్లొదిలాను. గుడారం తోసి లేచాను. ఒళ్లు మండిపోతోంది. భయమూ వేస్తోంది. వెళ్లి గుడ్లకు అడ్డంగా నిలబడ్డాను.

డ్రైవరు బ్రేకు వేశాడు. ఇంజను మాత్రం ఆపలేదు.

"ఏంటమ్మా, చావాలనుందా? పక్కకు జరగండి. నా పని నన్ను చేసుకోనివ్వండి."

"నేనూ పని మీదే ఉన్నా. దిగి చూడు బాబూ. చూశాక తొక్కుదువుగాని."

దిగలేదు. ఫోను తీశాడు. ఎవరితోనో మాట్లాడుతూ నా వంకే చూస్తున్నాడు.

ఎండ దిగలేదు. నేనూ కదల్లేదు.

పిట్టకు ఇదేమీ పట్టదు. దానికి బుల్డోజరూ ఒకటే, నేనూ ఒకటే. నా తల మీదుగా దూసుకొచ్చి అరుస్తోంది — పో, పో, పొమ్మని...

తిట్టుకో తల్లీ. నేనైతే పోను.