అట్టపెట్టె లేకుండా వచ్చినవాడు

రాజలింగం వందన గదిలోని బియ్యం డబ్బాను కాలితో తన్నాడు. బియ్యం గడప దాటి మోరీ కాలువ దాకా చెదిరాయి. సిరిసిల్లలోని ఆ వాడలో పది అద్దె గదులు అతనివే. ఎదురుగా, వాడవాళ్లు పనిచేసే మరమగ్గాల షెడ్డూ అతనిదే. అందుకే చూసినవాళ్లెవరూ కదల్లేదు.

"దుబాయిల ఉన్నడంటివి గదనే! జైలుకెల్లి అచ్చినోన్ని నా ఇంట్ల పెడ్తవా? పొద్దూకే లోపట ఖాళీ చెయ్యి. లేకుంటే పోలీసోళ్లతోని అస్త."

వందన వంగి బియ్యం ఎత్తసాగింది. జగిత్యాలలో, కోరుట్లలో ఆమె మొగుడు జైల్లో ఉన్నాడని నిజమే చెప్పింది. రెండుచోట్లా గది లేదన్నారు. అందుకే ఇక్కడ, మొగుడేడి అంటే దుబాయి అంది. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న చోట ఆ మాటను ఎవరూ రెండోసారి అడగరు. కానీ దుబాయి నుంచి వచ్చేవాడు తాడుతో బిగించిన అట్టపెట్టెతో దిగాలి, వాడలో అందరికీ సబ్బో సెంటో పంచాలి. అది ఆమెకు తోచలేదు. మొన్న ఆమె మొగుడు కరుణాకర్ ఒట్టి చేతిసంచితో దిగాడు. రాజలింగానికి అనుమానం వచ్చింది. ఆరా తీశాడు.

"నేను పోత. నువ్వన్న ఉండు," అన్నాడు కరుణాకర్.

"నువ్వు లేకుంట నేనెందుకు?" అంది వందన. కానీ ఈ రాత్రి ఎక్కడ తల వాల్చాలో ఆమెకు తెలియదు.

మధ్యాహ్నం నల్లా దగ్గర పది గదులవాళ్లూ చేరారు.

"ఎదిగిన ఆడిపిల్లలున్నరు మాకు," బుచ్చవ్వ అరిచింది. "దొంగతనమో, ఖూనీయో, ఎవలకెరుక?"

"గదే అడుగుదాం," అంది మల్లవ్వ. షెడ్డులో ముప్ఫై ఏళ్లుగా నూలు కండెలు చుడుతున్న మనిషి. "ఏం జేసినవ్ కొడుకా? అబద్ధమాడకు. నీ పెండ్లాం ఆడింది సాలు."

ఎవరో నవ్వారు. వందన తల దించుకుంది.

కరుణాకర్ మెల్లగా చెప్పాడు. "రైసుమిల్లుల హమాలీని. మా దోస్తు చెయ్యి బెల్టుల పడి నలిగింది. దవాఖానకు కారియ్యుమంటే ఓనరు ఇయ్యలే. సుట్టుముట్టినం. ఎవలదో రాయి తగిలి ఆయన తల పగిలింది. ముప్ఫై మందిమున్నం. పోలీసోళ్లు పేర్లు చెప్పుమన్నరు. నాదొక్కటే చెప్పిన."

నల్లా పారుతూనే ఉంది. ఎవరూ బిందె పెట్టలేదు.

"పోయినేడు కూలి కోసం మనం రాజలింగం సేటు కారుకు అడ్డం కూసున్నం," అన్నాడు మగ్గం నడిపే రమేశ్. "మనోళ్లూ రాయి ఇసిరిండ్రు. తగల్లే. గంతే ఫరక్."

"గట్లని మన గదులు పోగొట్టుకుందామా?" బుచ్చవ్వ గొంతు తగ్గింది. "నాకు భయమైతుంది."

"నాకు గాదా? ఒక్కదాన్నుంటే ఇంకింత అయితది," అంది మల్లవ్వ.

రమేశ్ షెడ్డులోకి వెళ్లాడు. ఒక్కొక్కటిగా మగ్గాలన్నీ ఆగాయి.

సాయంత్రం రాజలింగం ఇద్దరు పోలీసులతో వచ్చేసరికి పది గదుల సామానూ వీధిలో ఉంది.

"ఏందిది?"

"ఖాళీ చెయ్యుమంటివి గద సేటూ," అంది మల్లవ్వ. "ఆమెతోని మేము గూడ చేసినం. మగ్గాలు ఇగ నువ్వే నడుపుకో."

"కరుణాకర్ ఎవడు?" పోలీసు అడిగాడు.

వందన ముందుకొచ్చింది.

"నా మొగడు సారు. శిక్ష మొత్తం జైల్ల గడిపిండు. ఇగ ఇంటికొచ్చిండు. ఏమన్న అడిగేదుంటే నన్నడుగుండ్రి."

"నడువుండ్రి ఇద్దరు, ఠాణాకు."

వందన కరుణాకర్ చేయి పట్టుకుంది. వెనక మల్లవ్వ కదిలింది, రమేశ్ కదిలాడు, తర్వాత అందరూ.

బుచ్చవ్వ ఒక్కతే ఆగింది. వీధిలో ఉన్న సామాను వైపు చూసింది.

"నా టీవీ ఎవలన్న జర సూడుండ్రి!" అని అరిచి, గబగబా వాళ్లను కలుసుకుంది.

చూడడానికి వాడలో ఎవరూ మిగల్లేదు.