సైలస్ పేరు పెట్టిన చట్టం

అమెరికాలో ఓజార్క్ కొండల్లో ఉన్న మా ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి కోళ్ళని కోసి ప్యాక్ చేసే ఫ్యాక్టరీలోనే పని. షిఫ్టు తెల్లారకముందే మొదలవుతుంది. పిల్లల్ని నిద్రమొహాలతోనే వెర్నా బామ్మ ఇంట్లో దింపి వెళ్ళేవాళ్ళం. ఆ వేళప్పుడు తలుపు తీసేది ఆమె ఒక్కతే. పిల్లల్ని చూసుకోడానికి లైసెన్సు ఉందా అని ఎవరం అడగలేదు. నా స్నేహితురాలు ట్రెస్సాని చిన్నప్పుడు చూసుకున్నదీ ఆమే. అందుకని నాలుగు నెలల కొడుకు సైలస్‌ని ఆమె చేతిలో పెట్టినప్పుడు ట్రెస్సాకి ఏ బెంగా లేదు.

ఆ రోజు బామ్మ పిల్లాణ్ణి వెనకగదిలో పెద్దమంచం మీద, మెత్తటి బొంతలో బోర్లా పడుకోబెట్టింది. ముందుగదిలో మిగతా పిల్లల్లో ఒకరికి జ్వరం, ఇద్దరు జుట్టు జుట్టు పట్టుకున్నారు, ఇంకొకరు వాంతి చేసుకున్నారు. ఆమె వెళ్ళి చూసేసరికి సైలస్ మొహం బొంతలో కూరుకుపోయి ఉంది. ఒళ్ళు చల్లబడింది.

ఫ్యాక్టరీలో ట్రెస్సా నా పక్కనే నిలబడేది. సూపర్‌వైజరు వచ్చి పిలిస్తే, గ్లవ్స్ తీస్తూ, "వాడికి మళ్ళీ జ్వరం వచ్చిందా?" అని అడిగింది.

నేరం కాదని తేల్చాడు పోలీసు అధికారి షెరీఫ్. ఆ ఇంటిని ఎవరైనా ఎప్పుడైనా తనిఖీ చేశారా అని ట్రెస్సా పిల్లల సంక్షేమ ఆఫీసుకి వెళ్ళి అడిగింది. "రిజిస్టరు కాని ఇళ్ళకి మేం వెళ్ళమమ్మా," అన్నారు. మర్నాడు పనిలో కత్తి పట్టుకుని ఊరికే నిలబడిపోయింది. మా ఎదురుగా ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు ఒక్కో కోడినీ చూసి పంపిస్తున్నాడు.

"ఒక్కదాన్ని కూడా వదలడు, చూడవే," అంది నాతో.

ఆ తర్వాత, ఇలాంటి ఇళ్ళకీ తనిఖీ ఉండాలని అడగడానికి, సెలవు దొరికినప్పుడల్లా రాష్ట్ర రాజధానికి వెళ్ళొచ్చింది. తోడు నేనూ వెళ్ళేదాన్ని. చట్టం తెస్తానన్న శాసనసభ్యుడు మంచివాడే. "బాబు పేరు పెడదామమ్మా, పేరుంటే జనం వింటారు," అన్నాడు.

"వద్దండీ. వాడి పేరు వాడికే ఉండనివ్వండి," అంది ట్రెస్సా.

పేరు లేకపోతే చట్టం గట్టెక్కదని నచ్చజెప్పాడు. చివరికి ఒప్పుకుంది.

సైలస్ చట్టం వచ్చింది. పిల్లల్ని చూసుకునే ప్రతి ఇల్లూ రిజిస్టరు కావాలి. ఒక్క మనిషి చేతికింద నలుగురికి మించి ఉండకూడదు. పసివాళ్ళని విడిగా తొట్టిలో, వెల్లకిలా పడుకోబెట్టాలి. అధికారులు చెప్పకుండా వచ్చి చూస్తారు. మంచి చట్టమే. కానీ చుట్టుపక్కల అలాంటి ఇళ్ళు చాలావరకు మూతపడ్డాయి. పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తెలియక కొందరు పని మానేశారు.

ఒకరోజు భోజనాల గదిలో కొత్తగా చేరిన డార్లా, ట్రెస్సా ఎవరో తెలియక, విసుక్కుంది. "ఆ సైలస్‌గాడి పుణ్యమా అని నా పిల్లని మా అత్త కాళ్ళు పట్టుకుని వదిలొస్తున్నా. ఎవడో గానీ నా ఉసురు పోసుకున్నాడు."

ట్రెస్సా డబ్బా మూత పెట్టి, నెమ్మదిగా చెప్పింది. "వాణ్ణేమీ అనకమ్మా. వాడికింకా మాటలు కూడా రాలేదు."

విషయం తెలిసి డార్లా సాయంత్రం పార్కింగ్‌లో ఆమెని పట్టుకుని ఏడ్చింది. అయినా అందరి నోళ్ళూ ఎవరు మూయించగలరు? చట్టానికి ఆ పేరే పడింది, తిట్లూ ఆ పేరుకే తగులుతున్నాయి.

ఒక ఆదివారం ట్రెస్సా, నేను బామ్మ ఇంటికి వెళ్ళాం. పిల్లల కుర్చీలు, తొట్లు అన్నీ వరండాలో పేర్చి ఉన్నాయి, ఎవరైనా పట్టుకుపోవచ్చని.

"లైసెన్సు తీసుకో బామ్మా. కాగితాలు నేను నింపిస్తా. నలుగుర్నే చూసుకో," అంది ట్రెస్సా.

"పసిపిల్లల్ని ఇక ఎత్తుకోలేనే తల్లీ," అంది బామ్మ. తొట్ల వైపు చూస్తూ, "నిన్నూ అలాగే బోర్లా పడుకోబెట్టేదాన్ని. అలాగైతేనే బాగా నిద్రపోయేదానివి," అంది.

"తెలుసు."

"అలా చెయ్యకూడదని నాకెవరూ చెప్పలేదు."

"చెప్పాల్సినవాళ్ళు రాలేదు బామ్మా," అంది ట్రెస్సా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

చలికాలానికి వెర్నా బామ్మ చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది. చర్చి నేలమాళిగలో లైసెన్సుతో పిల్లల కేంద్రం తెరిచారు. డార్లా కూతురికి అక్కడ చోటు దొరికింది, ఇంకా చాలామందికి దొరకలేదు. భోజనాల గదిలో ఆ పేరు వినలేక ట్రెస్సా ఇప్పుడు మధ్యాహ్నం భోజనం కారులోనే తింటోంది. కొన్నిసార్లు నేనూ వెళ్ళి పక్కసీట్లో కూర్చుంటాను.