ఫోన్ మోగని రోజులు

అనంతకృష్ణ చదువుకు తక్కువవాడు కాదు. బాపట్లలో గది తీసుకుని, ఏడాదిగా ఒకే లెక్క మీద కూర్చున్నాడు: హైదరాబాదు మొత్తం మీద ఎన్ని నీళ్లు తాగుతోంది? కుళాయిల్లో వచ్చేవే కాదు, ఆ నగరం తినే బియ్యం పండటానికి ఏ కాలువలు ఎంత ఇచ్చాయో అది కూడా. అందులో ఇక్కడి వాటా తేల్చడానికి పిట్టలవానిపాలెం దాటాక, కాలువ చిట్టచివర ఉన్న ఓ ఊరిని ఎంచుకున్నాడు.

అక్కడ తూములు తీసే లస్కరు కొండలరావు మహా మర్యాదస్తుడు. "ఎండలో ఊరికే తిరగడం ఎందుకండీ? నీళ్లొచ్చిన రోజున ఫోన్ చేస్తానండి, అప్పుడు వద్దురుగాని" అన్నాడు. అన్నట్టే చేశాడు. ఫోన్ మోగితే అనంతకృష్ణ బస్సెక్కేవాడు, నిండుగా పారే కాలువలో కొలబద్ద ముంచేవాడు, కొండలరావు తెప్పించిన టీ తాగి తిరిగొచ్చేవాడు. ఫోన్ మోగని రోజుల్లో కాలువ ఏం చేస్తోందని ఒక్కనాడైనా అడగలేదు. అంత చదువూ ఏ గంగలో కలిసిందో మరి!

రెండువేల నాలుగులో, వరి పొట్ట మీదున్న రోజుల్లో తెనాలిలో సభ పెట్టారు. చివరి ఊళ్లకు వారానికి ఇంకో రెండు రోజులు నీళ్లివ్వాలని రైతులు పెట్టిన అర్జీ అధికారుల ముందుంది. అనంతకృష్ణ లేచి తన లెక్క చదివాడు. "చివరి ఊళ్లకూ రోజూ నీళ్లు అందుతున్నాయి. నగరం తిండి వల్ల ఇక్కడ ఎవరికీ కొరత లేదు." అధికారులు తృప్తిగా రాసుకున్నారు. ఇక అర్జీ బుట్టలోకే.

వెనక వరసలోంచి సీతారావమ్మ లేచింది. ఆ చివరి ఊళ్లోనే రెండెకరాలు కౌలుకు చేస్తోంది.

"బాబూ, మా వంతు వారానికి రెండు రోజులే కదండీ! రోజూ అని రాశారేంటి?"

తప్పెక్కడ జరిగిందో అనంతకృష్ణకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. కానీ ఎదురుగా అధికారులు, వెనక ఏడాది కష్టం. "మీకు సరిగ్గా గుర్తుండి ఉండదమ్మా. నేను స్వయంగా కొలిచాను" అన్నాడు.

ఆమె తడబడింది. "చదువుకున్నోళ్లు... నాకే తెలియలేదేమోనండి" అని కూర్చుంది.

ఆమె తిట్టినా బాగుండేది. ఆ మాట రాత్రంతా అతన్ని కాల్చుకుతింది. మర్నాడు ఎవరూ పిలవకుండానే బస్సెక్కాడు.

కాలువలో బురద ఎండి బీటలు తీసింది. మేకలు అడ్డంగా నడిచిపోతున్నాయి. "అయ్యో, ఇవాళ నీళ్లు లేవండీ! నేను ఫోన్ చేసేవాణ్ణి కదా" అని కొండలరావు నొచ్చుకున్నాడు. అనంతకృష్ణ ఆ బీటల మీదే కొలబద్ద నిలబెట్టి, సున్నా అని రాసుకున్నాడు.

గట్టు మీద సీతారావమ్మ నిలబడి ఉంది. ఆమె చేను కొసలు అప్పుడే ఎండుతున్నాయి. అతనికి సిగ్గుతో తల పైకి లేవలేదు. "మీకు గుర్తులేదన్నాను. అబద్ధమమ్మా. తప్పు నాదని అప్పుడే తెలుసు. ఇవాళే అధికారులకు ఉత్తరం రాసేస్తాను" అన్నాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నన్ను కూచోబెట్టింది ఉత్తరంలో కాదు కదా బాబూ, అంతమందిలో. ఎల్లుండి రేపల్లెలో మళ్లీ సభ ఉందంటగా? అక్కడ చదవండి. ఈసారి నేను ముందు వరసలో కూచుంటాను."