పూలగుత్తుల జట్టు

ఇంటిల్లిపాదికీ లంచ్ బాక్సులు సర్ది, తనది మాత్రం ఎప్పటిలాగే మర్చిపోయింది ఆటల టీచరు. మర్చిపోవడమేం, టైమేదీ? చెప్పులేసుకుంటుంటే అత్తగారు రోజూ అనే మాటే ఆ వేళా అంది, ఎగరడానికీ దూకడానికీ జీతమిచ్చే ఉద్యోగం ఎవరికి దొరుకుతుందమ్మా అని. భర్త పేపర్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. ఆ నవ్వుకి ఒకప్పుడు ఏడుపొచ్చేది. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. మండడమే నయం.

బళ్ళో హెడ్మాస్టరు తియ్యగా పిలిచాడు. ఆయన తియ్యగా పిలిచాడంటే ఎవరి నెత్తినో బండ పడబోతున్నట్టే. గురువారం పైఅధికారులొస్తున్నారట. సర్కారు హైస్కూలైతేనేం, దీని ముందు ప్రైవేటు బళ్ళు దిగదుడుపే అని వాళ్ళ చేత అనిపించాలట. రిజల్ట్సు చూపిస్తారు, ల్యాబు చూపిస్తారు, గేటు దగ్గర ఆడపిల్లలు వరసగా నిలబడి పూలగుత్తులిస్తారు. పొడుగ్గా, చూడ్డానికి బాగుండేవాళ్ళు కావాలి గనక వాలీబాల్ జట్టునే ఎంచారు. ఆ పిల్లలకి గురువారమే జిల్లా పోటీల ఫైనల్. వెళ్ళకపోతే అవతలివాళ్ళు గెలిచినట్టే. ఈ బడి పుట్టాక ఆడపిల్లలు ఫైనల్ మొహం చూడటం ఇదే మొదలు.

"పిల్లలకి జ్వరాలని పోటీలవాళ్ళకి రాసి పంపేయండి టీచర్ గారూ."

"మగపిల్లల మ్యాచ్ కూడా అదే రోజు కద సార్?"

"వాళ్ళు వెళ్తారమ్మా. బడి పేరు నిలబెట్టాలిగా."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళుగా బడికి ఎవరొచ్చినా కుర్చీలకి గుడ్డలు పరిచింది, టీలు పురమాయించింది, స్టేజి పక్కన పళ్ళెం పట్టుకుని కాళ్ళు పీకేదాకా నిలబడింది. మగమాస్టార్లు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఇంట్లో మాత్రం? భర్త స్నేహితులొస్తే ట్రే పట్టుకుని రావాలి, పైగా కాస్త నవ్వుతూ రా, ఆ మొహమేంటి, నా పరువేం కావాలి అంటాడాయన. ఇంటి పరువైనా, బడి పరువైనా తీసుకొచ్చి ఆడదాని మొహం మీదే ఎందుకు ఆరేస్తారో! తను నవ్వింది సరే. ఇప్పుడు ఈ పిల్లల చేత కూడా తనే నవ్వించాలా?

"నేను రాయను సార్," అంది. ఆయన నవ్వి, ఆలోచించుకోమన్నాడు. ఆలోచించడానికేముంది? ఆ సాయంత్రమే పిల్లల్ని గ్రౌండులో కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. అందరూ పిడుగు అని పిలిచే కెప్టెన్ బంతిని ఒళ్ళోకి లాక్కుంది. హెడ్మాస్టరు గారు తిడతారేమో టీచర్ అంది. తిడితే తిట్లు నాకు, ఆట మీకు అందామె.

గురువారం పొద్దున పిల్లలతో బస్సెక్కి కూర్చుందో లేదో ఫోన్ మోగింది. భర్త. హెడ్మాస్టరు ఆయనకి ఫోన్ చేశాడట, మీ ఆవిడకి కాస్త చెప్పండి అని. ఉద్యోగం చేసేది ఆమె, ఫిర్యాదు మాత్రం మొగుడికి! పిల్లలంతా ఆమెనే చూస్తున్నారు.

"నా పరువు తీస్తున్నావు. వెంటనే దిగి బడికి పో. అంత పెద్దవాళ్ళొస్తుంటే గేటు దగ్గర ఎవరు నిలబడతారు?"

"మగమాస్టార్లంతా అక్కడే ఉన్నారుగా, నిలబడమనండి," అందామె, ఫోన్ ఆపబోతూ. "పూలేం బరువుండవు. కాస్త నవ్వుతూ ఇమ్మనండి."