నైరుతి గది

రోహిణీకార్తె నడినెత్తిన నిలిచిన మధ్యాహ్నవేళ పలనాటిసీమలో సున్నపుబట్టీల పొగతో నెల్లప్పుడును తెల్లబారియుండు ఆ చిన్నపట్టణమున ఆకాశమును భూమియు నొకే కొలిమిలో కరగినట్లు కలసిపోయి, వేపచెట్ల నీడలు సయితము మొదళ్ళయొద్దకు ముడుచుకొని, వీధికుక్కలు మురుగుకాలువల తడిలో పొట్టలానించి పరుండియుండగా, బట్టీయజమాని కోటిలింగముగారి డాబాయింట మాత్రము కొన్నాళ్ళుగా తెగక సాగుచున్న తగవు అన్నముల వేళ మరల తలయెత్తినది.

తగవు శీతలయంత్రమును గూర్చినది. రోగియై కోటిలింగముగారు పండుకొనియుండు నైరుతి గదిలో ఏసీ రేయింబవళ్ళు రొప్పుచు తిరుగుచున్నను గది చల్లబడుట లేదు గనుక దానికి రెండింతలైనదానిని తెచ్చి బిగింపవలెనని కుమారుడు చెన్నకేశవుడనుచుండెను. యంత్రము మార్చిన ఫలము లేదు, మామగారినే యీశాన్యపు గదికి మార్చి డాబా నెత్తికి సున్నము పూయింపవలెనని కోడలు సుభాషిణి యనుచుండెను. కోటిలింగముగారి భార్య మాణిక్యాంబ మొదటి మాటను విననట్లే వడ్డించుచుండెను. రెండవ మాటకు తల యడ్డముగా నూపెను.

ఆ గది యట్లు కాలుటకు కారణము ఆ గది పుట్టుకలోనే కలదు. గృహయజమాని నైరుతిమూల శయనింపవలెననియు, ఆ మూల బరువుగా నుండవలెననియు, అచట కిటికీ పనికిరాదనియు వాస్తు చూచిన సిద్ధాంతి చెప్పగా కోటిలింగముగారు దక్షిణమునను పడమటను రంధ్రమైన లేని దళసరి గోడలెత్తించి, నెత్తిమీద నీటితొట్టి నిలిపించి, డాబాయంతయు మాచర్ల నల్లబండలు పరపించిరి. ఊరిలో సగము గోడలకు తన బట్టీనుండియే సున్నము పోవుచుండగా తన యింట నొక్క గోడకును సున్నము తగులనీయలేదు. సున్నమమ్మువాడు తన యింటికి సున్నము వేసికొన్నచో అమ్ముడుపోని సరకు పూసికొన్నాడందురని ఆయన శంక. మధ్యాహ్నమంతయు పడమటియెండను త్రాగి త్రాగి ఆ బండలును ఆ గోడలును ప్రొద్దు గ్రుంకినను మానక దానిని గదిలోనికి గ్రక్కుచుండును. యంత్రము చల్లార్చుచున్నది మామగారిని గాదు, ఇటుకలననియు, దానికి రెండింతల యంత్రము రెండింతల విద్యుత్తు తిని అవే యిటుకలను చల్లార్చుననియు సుభాషిణి పలుమారు చెప్పియుండెను.

ఆ మాటలు విన్న కోటిలింగముగారి యక్క పేరమ్మ విస్తరిలోని పచ్చడి కలుపుకొనుచు తలయెత్తక పలికెను.

"నా తమ్ముడు జన్మమంతయు బట్టీలో రాళ్ళు కాల్చి బ్రదికినాడు. ఇప్పుడు తానే బట్టీలో బడియున్నాడు. కాలవలసినంత కాలినాడు, ఇక సున్నమగుటయే తరువాయి."

చెన్నకేశవుడు ముఖము చిట్లించి యూరకుండుమత్తా యనెను. నేనూరకున్న గది చల్లబడునా యని యామె మరికొంచెము నెయ్యి యడిగెను.

మాణిక్యాంబ నెయ్యి వడ్డించెను. మాఘమాసమున భర్తకు పక్షవాతము వచ్చి కుడివైపు దేహమును మాటయు నొక్కనాడే పోయినప్పుడు ఆమె యేడ్చెను. పిమ్మట ఆ యేడ్పెక్కడికో పోయినది. గంజి త్రాగించుట, ప్రక్క మార్చుట, వీపుమీది పుండ్లకు మందు పూయుట మొదలగు పనులన్నియు మరియెవతెయో చేయుచుండగా తాను గడపయొద్ద నిలిచి చూచుచున్నట్లుండెడిది. ఆకలి తెలియదు, నిద్ర తెలియదు, ఎండ తెలియదు. ఒక్క సంగతి మాత్రము ఆమెకు తెలియును. దానిని నాడు విస్తళ్ళముందు చెప్పెను.

"నైరుతిలో పండుకొనువాడు యజమాని. ఆయనను మనము మోసికొని వెలికి దెచ్చిననాడు ఆయన యజమాని కాడని మనమే చెప్పినట్లు. ఆయనకు మాట లేదు గాని చెవులున్నవి."

చెన్నకేశవుడు తల వంచుకొనెను. తండ్రి లేచిన గదిలో తరువాత పండుకొనవలసినవాడు తానే యగుటచేత తండ్రిని లేపుదమను మాట యతని నోట రాజాలదు. అందుచేతనే యతడు యంత్రమును గూర్చి మాత్రము మాటలాడుచుండెను. ఆ సంగతి సుభాషిణికిని దెలియును.

భోజనములైన కొంతసేపటికి విద్యుత్తు పోయినది. అట్లు పోవుట ఆ ఋతువున వింత గాదు. యంత్రపుహోరు నిలిచినంతనే గదిలోని చల్లదనము తలుపుసందున జారిపోయినట్లు మాయమై గోడలనుండియు పైకప్పునుండియు వేడిమి దిగసాగెను. మాణిక్యాంబ మంచముప్రక్కను గూర్చుండి తాటాకు విసనకర్రతో విసరెను. ఆ విసరుట వేడిగాలినే భర్త ముఖముమీదికి త్రోయుచుండెను. ఆయన రొమ్ము వేగముగా నెగయుచు బడుచుండెను. కదలగల యెడమచేతితో దుప్పటి యంచును బట్టి లాగుచు వదలుచు ఆయన చూపులు తలుపువైపే నిలిపిరి.

ఆమె లేవబోయి గోడకు చేయి యానించి చురుక్కుమన వెనుకకు దీసికొనెను. పిమ్మట ఆ యరచేతినే భర్త నుదుట నుంచెను. రెంటికిని భేదము తెలియలేదు. ఈయన యిపుడే పోవచ్చునని యామెకు తోచెను. తోచినను భయము కలుగలేదు. భయము కలుగకుండుట గమనించినప్పుడు మాత్రము కొంచెము భయపడి, గొంతు హెచ్చింపకయే కుమారుని బిలిచెను.

చెన్నకేశవుడును సుభాషిణియు పరుపు రెండుకొసలు పట్టి, మాణిక్యాంబ తలవైపు నాదుకొనగా, ఆయనను నట్టిల్లు దాటించి యీశాన్యపు గదిలో దేవుని పటములముందు నేలమీద దింపిరి. తూర్పునను ఉత్తరమునను కిటికీలు గలిగి పొరుగువారి కానుగచెట్టు నీడలో నుండుటచేత ఆ గది నడివేసవిని గూడ ఓర్వదగియుండును. సుభాషిణి తడిపిన చీర యొకటి ఉత్తరపుకిటికీకి గట్టెను. ప్రొద్దు వాలుసరికి రోగి యూపిరి మెల్లమెల్లగా కుదుటబడి, చేతిలోని దుప్పటి జారిపోయి, ఎన్నో నాళ్ళకు యంత్రము లేకయే నిద్ర పట్టినది.

విద్యుత్తు మరలివచ్చెను. నైరుతిగదిలో యంత్రము తనంత తాను మేలుకొని శూన్యశయ్యను చల్లార్చ మొదలిడెను. ఆ హోరు ఇల్లంతయు వినబడుచున్నను ఆ గదిలోనికి బోయి దానిని ఆపుటకు కుమారునికి చొరవ చాలలేదు. మాణిక్యాంబయే లేచి పోయెను. పరుపు లేని మంచముకడ నిలిచి ఇప్పుడైన దుఃఖము వచ్చునేమోయని కొంతసేపు వేచియుండెను. రాలేదు. శిరస్సుకు చల్లగాలి తగులుచుండగా గోడవైపునున్న భుజము కాలుచుండెను. అంతకు మించి యచట నేమియు లేదు. ఆమె మీట నొక్కి యంత్రమునాపి తలుపు చేరవేసికొని వచ్చెను.

దీపములు పెట్టిన పిమ్మట అందరును భోజనమునకు గూర్చుండిరి. కూర వడ్డనయైన తరువాత మాణిక్యాంబ నిలుచుండియే, చారు కావలయునా యని యడుగునట్టి కంఠముతో చెప్పెను.

"ఆయన యికమీదట ఆ యీశాన్యపు గదిలోనే యుందురు. మంచమును రేపు అటు వేయింపుడు. దేవుని పటములు నైరుతికి బోవును."

"దేవుడు నైరుతిలోనా? యజమాని యీశాన్యములోనా?" యని పేరమ్మ ముద్ద చేతబట్టుకొని యడిగెను. "ఊరు నవ్వదా మరదలా?"

"దేవునికి జెమట పట్టదు వదినగారూ. ఆయనకు బట్టును."

మాణిక్యాంబ కుమారునివంక దిరిగెను.

"మీ నాన్నగారు యజమాని కారు నాయనా. రోగి. ఈ మాట నేను చెప్పుచున్నాను, నీవు చెప్పనక్కరలేదు. కొత్త యంత్రము వలదు. బట్టీనుండి మంచి సున్నము తెప్పించి నల్లబండలమీద దళముగా పూయింపుము. నవ్వువారిని నవ్వనిమ్ము. ఆ గదిలో నీవును పండుకొనవలదు, నీ బిడ్డలును వలదు."

చెన్నకేశవుడు ఎత్తిన ముద్దను మరల విస్తరిలో నుంచెను. సుభాషిణి చూపు అత్తగారి ముఖముమీద నిలిచెను గాని యచట చదువదగినది యేమియు గానరాలేదు.

ఆ యింట ఏ వడ్డనయైనను యజమాని విస్తరితోనే మొదలుకావలెను. కోటిలింగముగారు మంచము బట్టినది మొదలు మాణిక్యాంబ పెద్దదగు పేరమ్మతో మొదలిడి ఆ చోటు నట్లే ఖాళీగా నుంచికొని వచ్చుచుండెను. ఆమె యిపుడు మజ్జిగగిన్నె తీసికొని పేరమ్మను దాటిపోయి చెన్నకేశవుని విస్తరికడ వంగెను.