ఐదుగురికి నాలుగు ముక్కలు

ఆదివారం చర్చి నుంచి రాగానే సవరమ్మ చీర మార్చుకుని, మెంతికూర, కొత్తిమీర, ఉల్లికాడలు సన్నగా తరిగి నూనెలో నల్లబడేదాకా వేయిస్తుంది. అందులో మాంసం, బొబ్బర్లు, ఎండబెట్టిన నిమ్మకాయలు వేసి సన్నని సెగన వదిలేస్తుంది. కువైట్‌లో ఒక ఇరానీ కుటుంబానికి పద్దెనిమిదేళ్లు వండి నేర్చుకున్న కూర అది. పర్ణశాల దగ్గరి ఆ ఊళ్లో అందరూ దాన్ని కువైట్ కూర అంటారు.

అన్నం మాత్రం ఎవరినీ ముట్టనివ్వదు. సగం ఉడికిన బియ్యాన్ని వార్చి, కొంచెం అన్నంలో నెయ్యి, పెరుగు, కుంకుమపువ్వు కలిపి గిన్నె అడుగున పరుస్తుంది. మిగతాది పైన గుట్టగా పోసి, మూతకు గుడ్డ చుట్టి, గంటసేపు మగ్గనిస్తుంది. ఆ గిన్నెను పళ్లెంలో బోర్లిస్తే బంగారు రంగు మాడు పైకొస్తుంది. ఇరానీలు దాన్ని తాదీగ్ అంటారు. దానికోసం పెద్దవాళ్లు కూడా పిల్లల్లా కొట్లాడుకుంటారట.

ఇక్కడ కొట్లాట అక్కర్లేదు. పళ్లెం తగలగానే మాడు తనంతట తనే పగులుతుంది. వచ్చే ఆదివారం చాప మీద ఎంతమంది కూర్చుంటారో అన్నే ముక్కలు. పక్క తండా చాంది తమ్ముడు చెప్పకుండా ఊడిపడ్డప్పుడు ముందు వారమే ఒకటి ఎక్కువొచ్చింది. పడవ నడిపే పగిడయ్య చనిపోయే ముందు వారం ఒకటి తగ్గింది. సవరమ్మ ఆ ముక్కలను చూసుకునే వచ్చే వారానికి బియ్యం తెప్పిస్తుంది.

ఈ ఆదివారం చాప మీద ఐదుగురు. సవరమ్మ, ఆమె భర్త ఆరోగ్యం, తల్లి పోయాక వాళ్ల దగ్గరే పెరిగిన మనవరాలు ఆరాధన, తండా నుంచి చాంది, ఆమె మొగుడు లచ్చిరాం. సవరమ్మ గిన్నె బోర్లించింది.

నాలుగు ముక్కలు.

చాంది మళ్లీ లెక్కపెట్టింది. ఎవరూ ఆరోగ్యం వైపు చూడలేదు. రెండు కిడ్నీలూ పోయి ఐదు నెలలైంది. వారానికి మూడుసార్లు ఆరాధన ఆయన్ను స్కూటీ మీద భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయి రక్తం కడిగించుకొస్తుంది.

"ఏందే, అందరు గోడను చూస్తున్నరు? గోడ తింటదా?" అన్నాడాయన.

"నేనే కావచ్చు బావా," అన్నాడు లచ్చిరాం. "మొన్న తాటిచెట్టు మీంచి జారిన."

"నువ్వేడ పోతవ్! నన్ను సంపినంకనే పోతవ్," అంది చాంది.

ఆరోగ్యం పెద్ద ముక్క తీసి రెండుగా విరిచాడు. "ఇగో, ఐదు." పళ్లెంలో పెట్టగానే రెండూ అతుక్కున్నాయి, గీత కూడా లేకుండా.

"మనం ఇరిస్తే లెక్కకు రాదు," అంది సవరమ్మ మెల్లగా. "పగిడయ్యప్పుడు నేను గూడ ఇరిచి చూసిన."

ఆరాధన చెయ్యి కడుక్కుంది. కువైట్ ఇంటి పెద్దావిడ మంచం పట్టి, సవరమ్మ చేతివంట తప్ప వద్దంటోంది. సవరమ్మకు మోకాళ్లు వంగవు. ఆ వంట వచ్చిన ఆరాధనకు వీసా పంపారు. తాతను విడిచి రానని ఆమె మొన్ననే చెప్పేసింది.

"నేను కువైట్ పోత తాతా. శుక్రవారం పోత. అప్పుడు మీరు నలుగురే ఉంటరు."

"ఆ తక్కువైంది నా ముక్కనే!" అని అరిచాడు ఆరోగ్యం. "నా సావు నన్ను సావనియ్యి. మీ అమ్మమ్మ కడుపున పుట్టిన బిడ్డ పెండ్లిని ఫోటోలల్ల చూసింది. ఆ వంటింట్లకు నిన్ను గూడ తోలాల్నా?"

"అయితే ఐదో ముక్క చూపియ్యి. ఉంట."

ఆరోగ్యం నువ్వన్నా తిట్టవే అన్నట్టు పెళ్లాం వైపు చూశాడు. ఆమె నలభై ఏళ్లలో ఏ చిన్న మాటకూ ఊరుకోని మనిషి. ఇప్పుడు మాత్రం మనవరాలి వైపు తిరిగి, కూరగిన్నె మీద మూత సర్దుతూ అంది:

"ఆ ముసలామెకు పులుపు ఎక్కువుండాలె. నిమ్మకాయలు రెండు ఎక్కువెయ్యి."

ఆరోగ్యం ఆ రోజు నుంచి మొండికేసి అన్నం ముట్టలేదు. అయినా శుక్రవారం ఆరాధన బస్సెక్కింది. శనివారం లచ్చిరాం ఆయన్ను బలవంతాన బండెక్కించి దవాఖానాకు తీసుకుపోయాడు. మిషన్ ఆగాక నర్సు కాగితాలు చూసి నవ్వింది.

"ఏం తాతా, ఈసారి రిపోర్టు మస్తుగుంది. ఇంకా చాన్నాళ్లుంటవ్."

ఊపిరి నిజంగానే తేలిగ్గా ఆడుతోంది. ఆరోగ్యం దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.